న్యాయస్థానంలో భాషా ప్రతిబంధకం: అమెరికాలోని స్పానిష్ ముద్దాయిల సమస్య

చట్టం ముందు అందరూ సమానులే అన్న సూత్రం నేడు నాగరిక దేశాలన్నింటిలోనూ అంగీకరింపబడినది. కాని చట్టం ఏదో ఒక భాషలోనే మాట్లాడుతుంది. ఆ భాష తెలియనివాడు బోనులో నిలబడినప్పుడు ఈ సమానత్వం ఏమవుతుంది? తనపై మోపిన నేరమేమిటో, సాక్షులు ఏమి చెబుతున్నారో, న్యాయమూర్తి ఏమి అడుగుతున్నారో తెలియక తలవంచుకొని నిలబడిన మనిషికి జరిగినదానిని విచారణ అనవచ్చునా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి మేము అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని స్పానిష్ భాషీయుల అనుభవాన్ని తీసుకున్నాము. ఆ దేశంలో ఈ విషయమై తీర్పులు, శాసనాలు, పరిశోధనలు విస్తారంగా వెలువడినందున సమస్య స్వరూపం అక్కడ స్పష్టంగా కనబడుతుంది. ఉర్దూ, తెలుగు భాషలు రెండూ ప్రతిదినం వినబడే మన కళాశాలలో ఇది దూరదేశపు వింతగా తోచదని మా విశ్వాసం.

ఈ స్పానిష్ ప్రజలెవరు?

అమెరికాలో ఇండ్లలో స్పానిష్ మాట్లాడేవారి సంఖ్య నేడు 4 కోట్లు దాటినది. వీరందరూ నిన్న మొన్న వలస వచ్చినవారని భావించడం పొరపాటు. మెక్సికోతో యుద్ధం ముగిసి 1848లో గ్వాడలూపే హిడాల్గో సంధి కుదిరినప్పుడు కాలిఫోర్నియా, న్యూ మెక్సికో మొదలైన విశాల ప్రాంతాలు అమెరికా వశమైనవి. అక్కడి స్పానిష్ ప్రజలు ఇల్లు కదలలేదు; సరిహద్దే వారిని దాటిపోయింది. 1898లో స్పెయిన్ నుండి పోర్టోరికో ద్వీపం అమెరికాకు సంక్రమించింది. 1917లో ఆ ద్వీపవాసులకు అమెరికా పౌరసత్వం లభించింది. ఆ తరువాత మెక్సికో నుండి, క్యూబా నుండి, మధ్య అమెరికా దేశాల నుండి పొలం పనులకు, కర్మాగారాలకు వచ్చి స్థిరపడినవారు లక్షల సంఖ్యలో ఉన్నారు.

ఒక్క కాలిఫోర్నియా చరిత్రను చూచినా భాషాహక్కుల గతి మనకు అర్థమవుతుంది. 1849లో ఏర్పడిన ఆ రాష్ట్రపు తొలి రాజ్యాంగం చట్టాలను ఇంగ్లీషులోను, స్పానిష్‌లోను ప్రచురించవలెనని శాసించింది. 1879లో వచ్చిన రెండవ రాజ్యాంగం ఆ నియమాన్ని తొలగించి, ప్రభుత్వ వ్యవహారాలు, కోర్టు వ్యవహారాలు ఇంగ్లీషులోనే జరగవలెనన్నది. చివరకు 1974లో జరిగిన సవరణ ద్వారా, ఇంగ్లీషు అర్థంకాని ముద్దాయికి విచారణ ఆద్యంతం దుబాసీని పొందే హక్కు కలదని ఆ రాజ్యాంగంలో చేర్చారు. పోయిన హక్కు వేరొక రూపంలో తిరిగి రావడానికి దాదాపు నూరేళ్ళు పట్టినది.

నెగ్రాన్ కేసు

దేశమంతటి దృష్టినీ ఈ సమస్యవైపు మరల్చినది నెగ్రాన్ కేసు. రొహేలియో నెగ్రాన్ పోర్టోరికో నుండి వచ్చిన పేద వ్యవసాయ కూలీ. అతని చదువు ఆరవ తరగతితో ఆగిపోయింది. ఇంగ్లీషు మాట్లాడలేడు, అర్థం చేసుకోనూలేడు. న్యూయార్క్ రాష్ట్రంలో తోటి కూలీని చంపినాడన్న అభియోగంపై 1967లో విచారించి అతనికి హత్యానేరం క్రింద శిక్ష విధించారు. కోర్టు అతనికి నియమించిన వకీలుకు స్పానిష్ రాదు. ప్రభుత్వపక్షాన సాక్ష్యం చెప్పిన 14 మందిలో 12 మంది ఇంగ్లీషులోనే చెప్పారు. ప్రాసిక్యూషన్ వారు తమ అవసరం కొరకు పిలిపించిన ఒక దుబాసీ మాత్రం ఉన్నారు. ఆమె స్పానిష్‌లో చెప్పినదానిని కోర్టువారికి ఇంగ్లీషులో వినిపించారు. ఇంగ్లీషులో జరిగినదానిని మాత్రం నెగ్రాన్‌కు ఎప్పటికప్పుడు చెప్పినవారు లేరు. విరామ సమయాలలో రెండుసార్లు, పది ఇరవై నిమిషాల చొప్పున, జరిగినదాని సారాంశం అతనికి వినిపించారు. అంతే. మిగిలిన విచారణ అంతా చెవిటివాని ముందు శంఖం ఊదినట్లే సాగింది.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించవలెను. కోర్టువారికి నెగ్రాన్ మాటలు అర్థమయ్యే ఏర్పాటు ఉన్నది. నెగ్రాన్‌కు కోర్టు మాటలు అర్థమయ్యే ఏర్పాటు లేదు. దుబాసీ కోర్టు సౌకర్యం కొరకు ఉన్నారే గాని ముద్దాయి హక్కు కొరకు కాదు. 1970లో రెండవ సర్క్యూటు అప్పీలు కోర్టు ఈ దోషాన్నే ఎత్తిచూపింది. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి ఇర్వింగ్ కాఫ్‌మన్. సాక్షులను ముఖాముఖి ఎదుర్కొనే హక్కు రాజ్యాంగం ఇచ్చినదంటే, ఆ సాక్షి ఏమంటున్నాడో తెలుసుకొనే హక్కు కూడ ఇచ్చినట్లే అని ఆ తీర్పు సారాంశం. ముద్దాయి శరీరం కోర్టులో ఉంటే చాలదు, మనస్సు కూడ ఉండవలెను. సాక్షి అబద్ధమాడిన క్షణంలో ఆ అబద్ధాన్ని పసిగట్టగలవాడు చాలాసార్లు ముద్దాయి ఒక్కడే. అతడు వకీలు చెవిలో ఒక్క మాట వేయలేకపోతే ఎదురు ప్రశ్నలు గుడ్డిగా సాగుతాయి. ముద్దాయికి భాష రాదని తెలిసినప్పుడు, దుబాసీని కోరే హక్కు నీకున్నదని అతనికి తెలియజెప్పే బాధ్యత న్యాయమూర్తిదేనని కూడ ఆ కోర్టు నిర్ణయించింది. తనకు హక్కున్నదని తెలియనివాడు దానిని వదులుకున్నాడనడం అన్యాయం కదా!

శాసనాలు, వాటి హద్దులు

ఈ తీర్పు ప్రభావంతో 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ కోర్టు దుబాసీల చట్టంపై సంతకం చేశారు. దానిననుసరించి కేంద్ర న్యాయస్థానాలలో ప్రభుత్వం తెచ్చిన కేసులలో ఇంగ్లీషు రానివారికి ప్రభుత్వ ఖర్చుతో దుబాసీని ఏర్పాటు చేయవలెను. దుబాసీల యోగ్యతను పరీక్షించే పద్ధతి కూడ ఏర్పడినది. 1980లో స్పానిష్‌కు తొలి పరీక్ష జరిగినది. అది చాల కఠినమైన పరీక్ష. రెండు భాషలు ఇంట్లో మాట్లాడేవారు సైతం అధిక సంఖ్యలో తప్పుతారు.

అయితే ఈ చట్టం కేంద్ర న్యాయస్థానాలకే పరిమితం. అమెరికాలో అత్యధిక నేరవిచారణలు జరిగేది రాష్ట్ర న్యాయస్థానాలలో. అందులోను పట్టణ, మండల స్థాయి కోర్టులలో. అక్కడ ఏ రాష్ట్రపు పద్ధతి దానిదే. దుబాసీని పొందడం రాజ్యాంగ హక్కు అని అమెరికా సుప్రీంకోర్టు ఇంతవరకు సూటిగా తీర్పు చెప్పలేదు. 1964 నాటి పౌరహక్కుల చట్టం జాతిని, జన్మదేశాన్ని బట్టి వివక్ష చూపే సంస్థలకు కేంద్ర నిధులు చెల్లవన్నది. దీనిని ఆధారం చేసుకొని 2000 సంవత్సరంలో అధ్యక్షుడు క్లింటన్ భాషాసహాయం గురించి ఒక ఉత్తర్వు జారీచేశారు. 2010లో కేంద్ర న్యాయశాఖ రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తులకు లేఖ వ్రాసి, దుబాసీ సహాయం ఉచితంగా, అన్ని రకాల కేసులలోను అందించవలెనని గుర్తుచేసింది. కాని 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ ఇంగ్లీషును దేశ అధికారభాషగా ప్రకటిస్తూ, 2000 నాటి ఉత్తర్వును రద్దుచేశారు. 1964 చట్టం మాత్రం నిలిచియున్నది. ఉత్తర్వుతో వచ్చిన సౌకర్యం ఉత్తర్వుతోనే పోగలదని ఈ ఉదంతం మనకు బోధిస్తున్నది.

క్రింది కోర్టులలో జరిగేది ఏమిటి?

పెద్ద కోర్టులలో హత్యకేసుల విచారణ రోజుల తరబడి సాగుతుంది. పొరపాటు జరిగితే కనిపెట్టడానికి పైకోర్టులున్నాయి. క్రింది కోర్టుల సంగతి వేరు. లైసెన్సు లేకుండ కారు నడపడం, చిన్న దొంగతనం, తాగి అల్లరి చేయడం వంటి కేసులు అక్కడ ఒక్క ఉదయంలో పదుల సంఖ్యలో తెగిపోతాయి. 1972లో సుప్రీంకోర్టు, జైలుశిక్ష విధించే చిన్న కేసులలో సైతం ముద్దాయికి వకీలు ఉండవలెనన్నది. 1979లో మరల, జరిమానాతో సరిపెట్టే కేసులకు ఆ నియమం వర్తించదన్నది. కనుక అనేకమంది వకీలు లేకుండనే మేజిస్ట్రేటు ఎదుట నిలుస్తారు.

పైగా అమెరికాలో విచారణ జరిగి తీర్పు వచ్చే కేసులు బహు స్వల్పం. 2012లో సుప్రీంకోర్టు స్వయంగా పేర్కొన్న లెక్కల ప్రకారం కేంద్ర న్యాయస్థానాలలో నూటికి 97, రాష్ట్రాలలో నూటికి 94 శిక్షలు నేరాంగీకారం వలన విధింపబడినవే. అనగా ముద్దాయి నేరం ఒప్పుకొంటాడు, ప్రాసిక్యూటరు శిక్ష తగ్గిస్తాడు, న్యాయమూర్తి ఆమోదిస్తాడు. ఈ ఒప్పుకోలు తెలిసి, స్వేచ్ఛగా చేసినదై ఉండవలెనని 1969 నుండి స్పష్టమైన తీర్పు ఉన్నది. అందుకొరకు న్యాయమూర్తి వరుసగా ప్రశ్నలు వేస్తారు: “జూరీ విచారణ కోరే హక్కును వదులుకొంటున్నావా? సాక్షులను ప్రశ్నించే హక్కును వదులుకొంటున్నావా? ఎవరైనా నిన్ను భయపెట్టారా?” ముద్దాయి ప్రతిదానికీ “సీ” అంటాడు. స్పానిష్‌లో “సీ” అనగా అవును.

కాని ఏ అవును? పెద్దలు మాట్లాడుతుంటే మనం “ఆఁ, ఆఁ” అంటాము. ఉర్దూలో “జీ, జీ హాఁ” అంటాము. అది అంగీకారం కాదు, వింటున్నామన్న మర్యాద. అధికారి ఎదుట నిలబడిన పేదవాని “సీ” కూడ అనేక పర్యాయాలు అటువంటిదే. కోర్టు రికార్డులో మాత్రం అది నేరాంగీకారంగా శాశ్వతంగా నిలిచిపోతుంది.

2005లో సరిహద్దు దాటి వచ్చినవారిని మూకుమ్మడిగా విచారించే పద్ధతి టెక్సాసులో మొదలై అరిజోనా మొదలైన చోట్లకు వ్యాపించింది. పదులకొద్ది ముద్దాయిలు చెవులకు తర్జుమా వినిపించే యంత్రాలు తగిలించుకొని వరుసలలో నిలబడేవారు. మేజిస్ట్రేటు ప్రశ్న అడుగగానే అందరూ ఒక్కసారిగా జవాబిచ్చేవారు. ఎవరు పలికారో, ఎవరు మౌనంగా ఉన్నారో తెలిసేదెట్లు? 2009లో తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు కోర్టు, ఇట్లు మూకుమ్మడిగా ఒప్పుకోలు తీసుకొనడం నిబంధనలకు విరుద్ధమని తీర్పు చెప్పింది. నేరం ఎవరికి వారిదే అయినప్పుడు ప్రశ్న కూడ ఎవరికి వారినే అడుగవలెనన్నది సహజన్యాయం.

చిన్న కేసని తేలికగా తీసుకొనడానికి వీలులేదు. అమెరికా పౌరుడు కానివానికి చిన్న నేరాంగీకారం కూడ దేశబహిష్కారానికి దారితీయవచ్చును. 40 ఏళ్ళకు పైగా ఆ దేశంలో నివసించి, వియత్నాం యుద్ధంలో సైనికుడుగా పనిచేసిన హోండురాస్ దేశీయుడు ఒకడు, భయం లేదన్న వకీలు మాట నమ్మి నేరం ఒప్పుకొని ఇట్టి ప్రమాదంలో పడినాడు. అటువంటి ఫలితాన్ని ముందుగా తెలుపడం వకీలు విధియని 2010లో సుప్రీంకోర్టు పడిల్లా కేసులో నిర్ణయించింది. ఆ సలహా కూడ ముద్దాయికి తెలిసిన భాషలో అందినప్పుడే కదా ప్రయోజనం!

దుబాసీ పని ఎంత కష్టమో

రెండు భాషలు వచ్చినవాడల్లా దుబాసీ కాగలడని చాలమంది భ్రమ. క్రింది కోర్టులలో ముద్దాయి కుమారునో, జవాన్లలో ఒకరినో, అక్కడే కూర్చున్న మరొక ముద్దాయినో పిలిచి మాట చెప్పించడం ఈ భ్రమ వలననే. శిక్షణ పొందిన దుబాసీ రెండు పద్ధతులలో పనిచేస్తాడు. కోర్టులో జరిగేదంతా ముద్దాయికి వెనువెంటనే మెల్లగా వినిపించడం మొదటిది. సాక్షి ఒక వాక్యం ముగించిన తరువాత దానిని కోర్టువారికి చెప్పడం రెండవది. ఏమీ కలపరాదు, ఏమీ విడువరాదు, సొంతంగా సలహా ఇవ్వరాదు. నెగ్రాన్‌కు లభించిన సారాంశపు పద్ధతి ఈ రెండింటిలోను చేరదు.

ఒక చిన్న ఉదాహరణ చూడుడు. చేతిలోని వస్తువు అనుకోకుండ జారిపోతే స్పానిష్ భాషీయుడు “సే మే కాయో” అంటాడు. తెలుగులో “నా చేతిలోనుండి జారిపోయింది” అన్నట్లు. ఉర్దూలో “ముఝ్ సే గిర్ గయా” అన్నట్లు. ఉద్దేశం లేదన్న భావం ఆ వాక్య నిర్మాణంలోనే ఉన్నది. ఇంగ్లీషులో సాధారణంగా “నేను పడవేశాను” అన్న అర్థం వచ్చే క్రియనే వాడుతారు. దానిని కావాలని చేసినట్లు కూడ గ్రహించవచ్చును. క్రింద పడినది గాజు గ్లాసయితే బాధలేదు. పడినది పసిబిడ్డ అయితే? యాదృచ్ఛికానికి, నేరానికి మధ్యనున్న గోడ ఆ ఒక్క క్రియాపదమే అవుతుంది.

మాట తీరు కూడ తీర్పును ప్రభావితం చేస్తుంది. సూజన్ బెర్క్ సెలిగ్సన్ అనే భాషాశాస్త్రజ్ఞురాలు అమెరికా కోర్టులలోని స్పానిష్ దుబాసీలను పరిశీలించి 1990లో ఒక గ్రంథం ప్రకటించారు. సాక్షి వినయంగా “అవునండి” అన్నప్పుడు దుబాసీ ఆ “అండి”ని వదిలివేస్తే, వినేవారికి ఆ సాక్షిపై గల విశ్వాసం తగ్గుతున్నదని ఆమె ప్రయోగపూర్వకంగా చూపారు. ఇక స్పానిష్ అన్నిచోట్లా ఒక్కటి కాదు. “గ్వాగ్వా” అనగా క్యూబాలో బస్సు, చిలీలో పసిపాప. ఏ ప్రాంతపు ముద్దాయికి ఏ ప్రాంతపు దుబాసీ అన్నది కూడ ఆలోచింపవలసినదే.

మరొక లోపం పైకి కనబడదు. సాధారణంగా కోర్టు రికార్డులోకి ఎక్కేది దుబాసీ చెప్పిన ఇంగ్లీషు మాటే. సాక్షి పలికిన స్పానిష్ మాట కాదు. తర్జుమా తప్పినదని అప్పీలులో వాదించడానికి మూలం మిగలదు. కోర్టులోనే కూర్చున్న స్పానిష్ తెలిసినవారు ఆ తప్పును పట్టుకోరా? 1991లో హెర్నాండెజ్ కేసులో సరిగా ఈ ప్రశ్నే వచ్చింది. స్పానిష్ తెలిసిన వ్యక్తులు దుబాసీ మాటకు కట్టుబడుతారో లేదోనన్న అనుమానంతో ప్రాసిక్యూటరు వారిని జూరీ నుండి తొలగించాడు. సుప్రీంకోర్టు దానిని తప్పుపట్టలేదు. భాష తెలియకపోవడం ముద్దాయికి శాపమైతే, భాష తెలిసియుండడం జూరీ సభ్యునికి అనర్హత అయినది!

దుబాసీ ఉన్నా చాలదు

2008 మే నెలలో అయోవా రాష్ట్రపు పోస్ట్‌విల్ గ్రామంలోని మాంసం కర్మాగారంపై అధికారులు దాడిచేసి దాదాపు 390 మందిని నిర్బంధించారు. వాటర్లూ పట్టణంలో పశు ప్రదర్శనలు జరిగే మైదానంలో తాత్కాలిక కోర్టు ఏర్పాటుచేసి, ముద్దాయిలను పదిమంది చొప్పున హాజరుపరచారు. అత్యధికులు గ్వాటెమాలా దేశీయులు. పరుల గుర్తింపు సంఖ్యను అపహరించారన్న నేరానికి రెండేళ్ళకు తగ్గని శిక్ష ఉన్నదని, చిన్న నేరం ఒప్పుకొంటే ఐదు నెలలతో పోతుందని చెప్పి వారం రోజుల గడువిచ్చారు. దాదాపు 300 మంది ఒప్పుకొన్నారు.

ఇక్కడ దుబాసీలు లేరా? ఉన్నారు, పరీక్ష నెగ్గిన సమర్థులే ఉన్నారు. వారిలో ఒకరైన ఆచార్య ఎరిక్ కమాయిద్ ఫ్రేషస్ మనస్సాక్షి ఊరకుండనీయక, తాను చూచినది వ్యాసంగా వ్రాసి, అమెరికా శాసనసభా సంఘం ఎదుట సాక్ష్యం కూడ ఇచ్చారు. ముద్దాయిలలో అనేకులకు ఆ గుర్తింపు సంఖ్య అంటే ఏమిటో కూడ తెలియదని ఆయన తెలిపారు. పలువురికి మాతృభాష స్పానిష్ కాదు, మాయా భాషలు. ప్రతి మాటా తర్జుమా అయినది. విషయం మాత్రం అర్థం కాలేదు. 2009 మే నెలలో సుప్రీంకోర్టు మరొక కేసులో, ఆ సంఖ్య వేరొక మనిషిదని తెలిసి వాడితేనే అది ఆ పెద్ద నేరమవుతుందని తీర్పు చెప్పింది. అనగా వారిని భయపెట్టిన నేరం వారిలో చాలమందికి వర్తించేదే కాకపోవచ్చును. అప్పటికి ఐదు నెలల శిక్ష ముగిసి, వారిని స్వదేశాలకు పంపివేయడం కూడ జరిగిపోయింది.

మన సంగతి

పరదేశపు లోపాలను ఎంచి ఊరకుండడం మా ఉద్దేశం కాదు. మన చట్టంలో ఈ విషయమై చక్కని నియమాలున్నాయి. ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యం నడిస్తే దానిని బహిరంగ కోర్టులోనే అతనికి తెలిసిన భాషలో వినిపించవలెనన్న సూత్రం 1973 నాటి నేరవిచారణ స్మృతిలో 279వ సెక్షనుగా ఉండేది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే నియమం కొనసాగుతున్నది. నిర్బంధానికి గల కారణాలను నిర్బంధితునికి తెలిసిన భాషలో ఇవ్వకుంటే ఆ నిర్బంధం చెల్లదని మన సుప్రీంకోర్టు 1962లోనే హరికిషన్ కేసులో తీర్పు చెప్పింది. నెగ్రాన్ తీర్పుకు ఎనిమిదేళ్ళ ముందు.

ఇక మన హైదరాబాదు ప్రాంతం భాషాభేదపు కష్టాన్ని రెండు వైపుల నుండి చవిచూచినది. నిజాం రాజ్యంలో 1884 నుండి ఉర్దూ అధికారభాష. అప్పుడు తెలుగు రైతు కోర్టు కాగితం చదివించుకొనడానికి ఉర్దూ వచ్చినవారిని ఆశ్రయించేవాడు. కాలం మారి తెలుగు, ఇంగ్లీషు వచ్చిన తరువాత, ఉర్దూ మాత్రమే చదివిన వృద్ధుడు తెలుగు నోటీసు చేతపట్టుకొని మనుమని వద్దకు రావలసి వచ్చింది. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూ రెండవ అధికారభాష అయినది. శాసనం వచ్చినది సంతోషమే. కాని రెండు భాషలలోను చట్టపు మాటలను ఖచ్చితంగా చెప్పగల మనుషులు లేనిదే ఆ శాసనం కాగితంపైనే ఉంటుంది.

అటువంటి మనుషులు తయారుకాగల చోటు మన కళాశాల వంటిదే. ఇక్కడి విద్యార్థులకు రెండు భాషలూ సహజంగా అబ్బినవి. కాని పరీక్షలో తప్పిన అమెరికా ద్విభాషీయుల ఉదాహరణ చూచితిమి. సహజంగా అబ్బినది చాలదు, సాధన కావలెను. ఒక వాంగ్మూలాన్ని తెలుగు నుండి ఉర్దూకు, ఉర్దూ నుండి తెలుగుకు మాట జారకుండ మార్చడం విద్యార్థులు అభ్యసించవచ్చును. సెలవు రోజులలో అట్టి తర్జుమా తరగతులు కొన్ని నడిపే విషయాన్ని కళాశాల కమిటీ పెద్దలు ఆలోచించవలెనని మా మనవి. రేపు ఈ విద్యార్థులలో ఎవరో ఒకరు వకీలు కావచ్చును, పోలీసు అధికారి కావచ్చును, కోర్టు గుమాస్తా కావచ్చును. ఎదుటివాడు “జీ” అన్నప్పుడో “ఆఁ” అన్నప్పుడో వెంటనే కలం కదపక, “నీకు అర్థమైనదా? ఏమి అర్థమైనదో నీ మాటలలో చెప్పు” అని ఒక్క ప్రశ్న అడుగగలిగితే, ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినట్లే.